బరంపురం నుంచి కోరాపుట్‌కి క్యారవాన్‌లో: ఎక్కడం సరే, దిగడం చూసుకోండి

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్‌ని క్యారవాన్‌గా మార్చిన బండి. బరంపురంలో బయల్దేరి ఫాల్గుణంలో ఏడు రోజుల ప్రయాణం. మీ దంపతులు, పదేళ్ల పాప, డెబ్బై దాటిన నాన్నగారు. జాబితాలో గోపాల్‌పూర్, తప్తపాణి, జీరంగో, మహేంద్రగిరి, పర్లాకిమిడి, ముఖలింగం, రాయగడ, కోరాపుట్, దేవమాలి, జయపురం, గుప్తేశ్వరం, డుడుమా. అడిగినవి నాలుగు: బండి కొండలెక్కుతుందా, రాత్రి ఏసీ నడుస్తుందా, గ్యాస్ పెట్టుకోవచ్చా, రాత్రిళ్లు ఎక్కడ ఆగాలి.

బండి ఎక్కుతుంది, దాని గురించి బెంగ వద్దు. ఇబ్బందల్లా దిగేటప్పుడే. నిండా సామాను ఎక్కించిన క్యారవాన్ ఘాట్ దిగుతూ బ్రేకులు కోల్పోవడం, రోడ్డు తెలియని చోట చీకటి పడిపోవడం, ఈ రెండే ఈ దారిలో అసలు ప్రమాదాలు. అందుకే నా సలహా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: క్యారవాన్ ఇల్లు. ఇంటిని ఊళ్లో నిలబెట్టి, కొండ కొనకి ఆఖరి పది పదిహేను కిలోమీటర్లు ఏ బొలెరోనో మాట్లాడుకుని వెళ్లండి. శిఖరం మీద క్యారవాన్ ముందు ఫోటో రాకపోతే పోయేదేమీ లేదు.

ముందు జాబితాకి కత్తెర వేద్దాం. గోపాల్‌పూర్ మీకు 16 కిలోమీటర్లు. ఏ ఆదివారమో స్కూటర్ మీద వెళ్లి రావచ్చు, దానికి ఒక పూట ఖర్చు పెట్టకండి. డుడుమా, గుప్తేశ్వరం రెండూ కోరాపుట్ దాటి ఇంకా లోపలికి వెళ్లేవి. అవి కావాలంటే ఏడు రోజులు చాలవు, తొమ్మిది పెట్టుకోండి. మహేంద్రగిరి విషయం శివరాత్రి ఎప్పుడు పడిందో చూసి తేల్చుకోండి. ఆ రెండు మూడు రోజులు మహేంద్రగిరి, గుప్తేశ్వరం రెండు చోట్లా జనం విపరీతం. సన్నటి రోడ్డు మీద ఎదురెదురుగా జీపులు నిలిచిపోతే మీ బండి వెనక్కి తీయడానికి కూడా చోటుండదు.

కాలం విషయంలో మంచి లెక్కే వేశారు. ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఈ కొండలకి అసలైన వసంతం. మోదుగ ఎర్రగా విరబూస్తుంది, మామిడి పూత మీద ఉంటుంది, కోరాపుట్ పీఠభూమి మీద రాత్రి ఇంకా దుప్పటి కావాల్సినంత చలి. మార్చి సగం దాటితే రెండు తేడాలు వస్తాయి. ఒకటి, రాయగడ, గుణుపురం లాంటి కింది ఊళ్లు కాగిపోవడం మొదలవుతుంది. రెండోది చాలామంది లెక్కలోకి తీసుకోరు: పొగ. పోడు భూములు కాల్చేది, ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింది ఆకు తగలబెట్టేది అప్పుడే. మధ్యాహ్నానికి కొండలన్నీ బూడిద రంగు తెర వెనక ఉంటాయి. దేవమాలి నుంచి లోయ కనబడాలంటే ఫిబ్రవరి ఆఖరు, అదీ ఉదయం ఎనిమిది లోపు.

ఇక బండి. బయల్దేరే ముందు చేయాల్సిన మొదటి పని సర్వీసింగ్ కూడా కాదు, కాటా. నీళ్లు నింపి, గ్యాస్, పరుపులు, సామాను అన్నీ ఎక్కించి, మీ నలుగురూ కూర్చుని, రైస్ మిల్లుల దగ్గరుండే వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. మూడు తూకాలు తీయించాలి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. మొత్తాన్ని ఆర్‌సీలో రాసి ఉన్న గ్రాస్ వెయిట్‌తో పోల్చండి. సీట్లు పీకేశాం కాబట్టి బరువు తగ్గి ఉంటుందనుకుంటారు. ప్లైవుడ్ అల్మరాలు, బ్యాటరీలు, పైన ఏసీ, ఇన్వర్టర్, నీళ్ల ట్యాంకు కలిస్తే తీసేసిన సీట్లూ మనుషుల బరువూ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. లీటరు నీళ్లు కిలో. వంద లీటర్ల ట్యాంకు అంటే క్వింటాలు, పైగా మలుపుల్లో అటూ ఇటూ కదిలే క్వింటాలు. ట్యాంకు లోపల అడ్డు పలకలు లేకపోతే సగం నింపిన ట్యాంకే ఎక్కువ ఊపుతుంది. ఘాట్ ఎక్కే రోజు ట్యాంకు నిండుగానో, ఇరవై లీటర్లకి మించకుండానో ఉంచండి.

ట్యాంకు, బ్యాటరీలు, ఫ్రిజ్ మూడూ ఒకే పక్క పెట్టిన బండ్లు చాలా కనబడతాయి. చదును నేల మీద నిలబెట్టి, వెనక నుంచి పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. బండి ఒక పక్కకి వాలినట్టుంటే ఆ పక్క కమాన్ పట్టీలు అలిసిపోయాయనో, బరువు సర్దుబాటు తప్పిందనో అర్థం. బరువైనవి రెండు ఇరుసుల మధ్య, నేలకి దగ్గరగా ఉండాలి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు తప్ప ఏమీ పెట్టొద్దు. తలుపులకి అయస్కాంతం పట్టీలు చాలవు, గొళ్లెం ఉండాలి. లేకపోతే మొదటి హెయిర్‌పిన్ మలుపులోనే పప్పుల డబ్బాలన్నీ నేల మీదికి దిగుతాయి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాట్లు బాగానే ఉన్నా ఐదారేళ్లు దాటిన టైరుతో ఘాట్ దిగకండి. క్యారవాన్లు తిరిగేది తక్కువ, నిలిచి ఉండేది ఎక్కువ కాబట్టి వీటి టైర్లు అరగకముందే ముసలివవుతాయి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. ఆ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది, గొట్టాల్లో ఆవిరి బుడగలు పడతాయి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. ఘాట్‌లో బ్రేక్ ఫెయిల్ అన్నదాంట్లో చాలావరకు జరిగేది ఇదే.

దిగే పద్ధతి తెలిసినట్టే ఉంటుంది గానీ అలసిపోయినప్పుడు అందరూ తప్పేదీ ఇక్కడే. ఏ గేర్లో ఎక్కగలరో ఆ గేర్లోనే దిగాలి. ఈ బరువుకి రెండో గేరు, మరీ వాలు లేని చోట మూడు. గేరు దిగుడు మొదలవకముందే వేయాలి, వేగం పట్టాక వేయబోతే పడదు. న్యూట్రల్‌లో వదలడం, ఇంజిన్ ఆపేయడం, రెండూ చావుకి తలుపు తీయడమే: ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్ పనిచేయదు, పవర్ స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి, వదిలిన ఆ కాసేపే డ్రమ్ చల్లారేది. మాడిన వాసన వచ్చిందంటే కాస్త చదును చోటు చూసి ఆపండి. ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకండి. వేడి మీదున్న డ్రమ్ముకి లైనింగ్ అతుక్కుపోతుంది. మొదటి గేర్లో పెట్టి, చక్రాల కింద అడ్డు చెక్కలు వేయండి. నీళ్లు చల్లొద్దు, వేడి ఇనుము వంకరపోతుంది, పగలొచ్చు కూడా. అరగంట టీ తాగితే చాలు. పెడల్ మెత్తబడితే గబగబా నాలుగైదుసార్లు తొక్కి ఒత్తిడి తెచ్చుకుంటూ కింది గేరుకి దించాలి.

సన్నటి కొండ రోడ్డు మీద ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలన్నది డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. మీరు దిగుతున్నప్పుడు లారీ ఎదురొస్తే ఆగాల్సింది మీరే. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి జరుగుతుంటే ముందు ఏసీ కట్టేయండి. అయినా ఆగకపోతే పక్కకి తీసి ఇంజిన్‌ని రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపండి. రేడియేటర్ మూత అరగంట దాకా ముట్టుకోవద్దు.

ఒక చిన్న పని: టేపు పెట్టి బండి ఎత్తు కొలవండి, పైన ఏసీ, సోలార్ పలకలతో సహా. మూడు మీటర్ల దగ్గర తేలుతుంది. ఆ అంకె, వెడల్పు కూడా, స్టీరింగ్ ముందు కాగితం మీద రాసి అంటించండి. రైల్వే లైను కింద నుంచి వెళ్లే చిన్న దారులు, ఊళ్లలో వేలాడే కరెంటు తీగలు, చింత కొమ్మలు, వీటి దగ్గర గుర్తు తెచ్చుకునే తీరిక ఉండదు.

కాగితాల సంగతి. సీట్ల బండిని క్యారవాన్‌గా మార్చినది ఆర్‌సీలో ఎక్కి ఉందో లేదో చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పుకి ఆర్టీఓ అనుమతి ఉండాలి. లేకపోతే చెక్‌పోస్టు దగ్గర జరిమానాతో పోవచ్చు గానీ, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. స్నేహితుడి బండి అంటున్నారు కాబట్టి ఆయన రాసిచ్చిన ఉత్తరం ఒకటి, ఆధార్ నకలుతో పెట్టుకోండి.

ఏసీ సంగతి అంకెల్లో చూద్దాం. మీ బండిలో 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ ఉందన్నారు. అంటే చేతిలో సుమారు 2,500 వాట్ అవర్లు. రోజు మొత్తానికి చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ 500, రెండు ఫ్యాన్లు రాత్రంతా 450, లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి 150. మొత్తం 1,100. ఎండ లేకపోయినా రెండు రోజులు నడుస్తుంది. అదే ఒక టన్ను ఏసీ గంటకి 800 నుంచి 1,000 తాగుతుంది. రెండున్నర గంటల్లో అంతా ఖాళీ. కాబట్టి బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ అన్నది మర్చిపోండి. కోరాపుట్ వైపు దాని అవసరమే పడదు. రాయగడలో ఉక్క అనిపిస్తే లాడ్జి ఆవరణలో బండి పెట్టి, 16 ఆంపియర్ల ప్లగ్ అడిగి తీసుకుని, ఆ కరెంటు డబ్బులు విడిగా ఇచ్చేయండి. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకుని నిద్రపోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, పడుకున్నవాళ్లు లేవరు.

పైన 400 వాట్ల సోలార్ ఉంటే ఎండ బాగున్న మార్చి రోజున 1,500 వాట్ అవర్ల దాకా వస్తుంది. మామిడి చెట్టు నీడలో పెడితే దాదాపు ఏమీ రాదు. నీడ కావాలా కరెంటు కావాలా అన్నది రోజూ తేల్చుకోవాల్సిందే. మధ్యాహ్నం బండిలో ఎవరూ లేనప్పుడు ఎండలో పెట్టడం తేలిక మార్గం. ఇంజిన్ నుంచి బ్యాటరీ నింపే 30 ఆంపియర్ల ఛార్జరు ఉంటే మూడు గంటల ప్రయాణానికి ఇంకో 1,200. ఇండక్షన్ పొయ్యి, ఎలక్ట్రిక్ కెటిల్ వాడేటట్టయితే బయల్దేరే ముందు ఒక పరీక్ష చేయండి: కెటిల్ పెట్టి, నీళ్లు మరిగాక ఇన్వర్టర్‌కి వెళ్లే లావు కేబుల్ చివర, బ్యాటరీ దగ్గరి లగ్గు (కేబుల్ కొసన నొక్కి బిగించిన లోహపు ముక్క) పైనున్న రబ్బరు తొడుగు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు తీసేసేంత కాలితే అక్కడ నొక్కుడు సరిగ్గా పడలేదు, లేదా కేబుల్ సన్నం. 12 వోల్టుల మీద 2,000 వాట్లంటే 170 ఆంపియర్లకి పైమాటే. దానికి 50 నుంచి 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. క్యారవాన్లలో నిప్పు సాధారణంగా పుట్టేది ఇక్కడే, వంటగదిలో కాదు.

గ్యాస్ పెట్టుకోవచ్చు, ఇంటి ఎర్ర సిలిండర్ మాత్రం వద్దు. అది ఇంట్లో వాడుకోవడానికే ఇచ్చేది, పైగా నిండుగా ముప్పై కిలోల దాకా తూగుతుంది. బంకుల్లో దొరికే ఐదు కిలోల సిలిండర్ నలుగురికి వారం పాటు టీ, అన్నం, కూరకి సరిపోతుంది. సిలిండర్ మెడ దగ్గర పట్టీల మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే మార్చి ఆఖరు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. బి-27 అంటే 2027 జూన్ లోపు దాన్ని మళ్లీ పరీక్షించాలి. గడువు దాటినది తీసుకోవద్దు. నారింజ రంగు ట్యూబు మీద కూడా తేదీ ఉంటుంది, ఐదేళ్లే దాని ఆయుష్షు. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకని సిలిండర్ పెట్టిన అర కింద, నేలలోనే, బయటికి తెరుచుకునే అరచేతంత జాలీ ఉండాలి. గ్యాస్ అలారం కూడా నేలకి జానెడు ఎత్తులోనే పెట్టాలి. చాలామంది దాన్ని పొగ అలారంలా పైకప్పుకి బిగిస్తారు, అక్కడ అది అలంకారం. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి టోపీ పెట్టండి.

కోరాపుట్‌లో చలికి అన్ని అద్దాలూ మూసుకుని పడుకుంటే తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి, పరుపు అంచులు తడుస్తాయి. నలుగురి ఊపిరే ఆ తడి. ఎదురెదురు కిటికీలు రెండు అంగుళం చొప్పున తెరిచి జాలీ వేసి ఉంచండి. వెచ్చదనానికి పొయ్యి వెలిగించి ఉంచొద్దు. దోమల జాలీని తేలిగ్గా తీసుకోకండి: రాయగడ, కోరాపుట్ అడవులు మలేరియా ప్రాంతం. సాయంత్రం ఐదున్నర తర్వాత పాపకి, నాన్నగారికి నిండు చేతుల బట్టలు. తిరిగొచ్చిన నెలలోపు ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకి మొదటి మాటగా ఈ ప్రయాణం సంగతి చెప్పి రక్త పరీక్ష చేయించండి. దారిలో పెద్దాసుపత్రి కావాలంటే ఒక కొసన బరంపురం ఎంకేసీజీ, ఇంకో కొసన కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల. నాన్నగారి మందులు పది రోజులకి సరిపడా, రెండు వేర్వేరు సంచుల్లో.

నీళ్లు రోజుకి నలుగురికి 70 లీటర్లు అనుకోండి: తాగడానికి, వంటకి 20, గిన్నెలకి 10, పొదుపుగా చేసిన చెంబు స్నానాలకి 40. వంద లీటర్ల ట్యాంకు అంటే దాదాపు రోజూ నింపుకోవాలి. పది మీటర్ల పైపు, రెండు మూడు సైజుల కుళాయి కనెక్టర్లు దగ్గరుంటే బంకుల్లో, గుళ్ల దగ్గర బోరు కుళాయిల్లో అడిగి పట్టుకోవచ్చు. తాగే నీళ్లు వేరే క్యాన్లలో. క్యాసెట్ టాయిలెట్ (కింది పెట్టెని బయటికి తీసి ఖాళీ చేసుకునే మరుగుదొడ్డి) 20 లీటర్లదైతే నలుగురికి రెండు రోజుల్లో నిండుతుంది. మన వైపు దాన్ని ఖాళీ చేసే ప్రత్యేక ఏర్పాట్లు లేవు, కాబట్టి రోజు విడిచి రోజు లాడ్జిలో ఒక గది తీసుకోండి: స్నానాలు, క్యాసెట్, బట్టలు, ఛార్జింగ్ అన్నీ అక్కడే అయిపోతాయి. నాన్నగారికి మంచం మీద నిద్ర కూడా. క్యారవాన్ ఉండగా గదికి డబ్బెందుకు అనిపిస్తుంది గానీ, మూడో రోజుకి అదే బుద్ధి అనిపిస్తుంది. గెడ్డల్లో మాత్రం ఏదీ పారబోయకండి, కింది ఊరు తాగేది ఆ నీళ్లే.

ఇప్పుడు దారి. మొదటి రోజు తప్తపాణి, 50 కిలోమీటర్లే. కావాలనే తక్కువ పెట్టాను. మొదటి రాత్రి ఏది పనిచేయడం లేదో తెలుస్తుంది, ఇంటికి దగ్గరలో ఉండగానే తెలియడం మంచిది. వేడి నీటి గుండంలో గంధకం వాసన ఉంటుంది, నాన్నగారి మోకాళ్లకి హాయి, కానీ మొదట చేయి పెట్టి చూసి పది నిమిషాలకి మించకుండా. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ ఉంది, ఒక గది తీసుకుంటే ఆవరణలో బండి పెట్టుకోవచ్చు.

రెండో రోజు ఉదయం చంద్రగిరి. 1963లో ఇక్కడ టిబెట్ శరణార్థులకి స్థిరనివాసం కల్పించారు. జీరంగోలోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. ఇక్కడి టిబెట్‌వాళ్లు పండించేది మొక్కజొన్న, పొలాల మధ్య రోడ్లు సన్నం. బండి విహారం బయట విశాలంగా ఉన్న చోటే పెట్టండి. మధ్యాహ్నం భోజనం కాగానే మోహనా, ఆర్. ఉదయగిరి వైపు నుంచి పర్లాకిమిడి దిగడం మొదలుపెట్టాలి, నాలుగింటికల్లా ఊళ్లో ఉండాలి. లఖారి లోయ ఏనుగులు తిరిగే ప్రాంతం ఇది. ఎలుగులు కూడా ఇప్పచెట్ల కిందికి, జీడి, పనస తోటల్లోకి వస్తాయి. అరటి తోట పక్కన, చెట్ల కింద ఒంటరిగా రాత్రి ఆగొద్దు. తినే వస్తువులు బండి బయట ఉంచొద్దు.

పర్లాకిమిడికి రెండు రాత్రులు ఇవ్వండి. ఈ మొత్తం దారిలో తెలుగువాళ్లు ఆగి చూడాల్సిన ఊరు ఇదే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసింది, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చింది ఇక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. గజపతుల కోటకి నమూనా గీసింది మద్రాసు కట్టడాలతో పేరుపొందిన వాస్తుశిల్పి చిషోమ్. నౌపడా నుంచి రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు 1900లో ఇక్కడికొచ్చింది, 1931కి గుణుపురం చేరింది. ఇప్పుడు అదంతా బ్రాడ్‌గేజి. కొమ్ముతో చేసే బొమ్మలు కొనదలిస్తే కొంగ మెడ దగ్గర అతుకు చూడండి: మంచి పనిలో గీత కనబడదు, గోటికి తగలదు. బజారు వీధులు ఇరుకు. బండి ఊరి బయట బంకులోనో లాడ్జిలోనో పెట్టి ఆటోలో తిరగండి.

మర్నాడు ముఖలింగం, కారు మాట్లాడుకుంటే గంటలోపు. వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలో. మధుకేశ్వరుడన్న పేరులో మధుకం అంటే ఇప్పచెట్టే. స్వామి ఇప్పమానులోనే వెలిశాడని స్థలపురాణం. మీరు వెళ్లేది ఇప్ప మొగ్గ తొడిగే రోజులు, పాపకి దారిలో ఒక చెట్టు చూపించి తర్వాత గుడికి తీసుకెళ్లండి. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా అక్కడే. సోమేశ్వరం గోడల మీది శిల్పానికి ఉదయపు ఎండ కావాలి. మహేంద్రగిరి కావాలంటే దీనికి బదులు పెట్టుకోండి, రెండూ ఒక రోజులో అవవు. 1,501 మీటర్ల కొండ అది. జీపులో వెళ్లినా పాండవుల పేర్లున్న గుళ్ల దాకా కాస్త నడక తప్పదు, నాన్నగారికి కష్టం. నేనైతే ముఖలింగమే అంటాను.

నాలుగో రోజు గుణుపురం మీదుగా రాయగడ, చెప్పుకోదగ్గ ఘాట్ లేని రోజు. మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారం రద్దీ. బుధవారం పడితే బిస్సంకటక్ దగ్గర చటికొనలో డొంగ్రియా కోందు గిరిజనుల సంత ఉంటుంది. కొనుక్కోండి, ఫోటోలు తీయకండి. రాయగడలో ట్యాంకు నిండా డీజిల్ కొట్టించండి. మైదానంలో లీటరుకి 10 ఇచ్చే బండి ఘాట్‌లో 7 ఇస్తే చాలనుకోవాలి.

ఐదో రోజు రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, సుమారు 110 కిలోమీటర్లు. గూగుల్ మూడు గంటలంటే మీరు ఐదు వేసుకోండి. అల్యూమినా ఫ్యాక్టరీల లారీలు ఎక్కువ. మలుపులో వాటిని దాటబోకండి, వెనకే వెళ్లి చదును రాగానే హారన్ కొడితే వాళ్లే దారిస్తారు. చైత్రం దగ్గరపడితే పల్లెల్లో పిల్లలు రోడ్డుకి కర్ర అడ్డం పెట్టి పండగ చందా అడుగుతారు. దోపిడీ అనుకుని కంగారు పడొద్దు, చిల్లర పదులు ఇరవైలు ముందే పెట్టుకోండి. భాషకి ఇబ్బంది లేదు: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బజార్లలో తెలుగు నడుస్తుంది, కొండ ఊళ్లలో దేశియా, అంటే ఒడియాకి దగ్గరి యాస. ఒడియా మీకు వచ్చు కాబట్టి సరిపోతుంది.

కోరాపుట్‌లో రెండు రాత్రులు. దాదాపు 870 మీటర్ల ఎత్తు, నిద్ర బాగా పడుతుంది. జగన్నాథుడి గుడి, దాని పక్కన గిరిజన మ్యూజియం, ఉదయం కోరాపుట్ కాఫీ, సంతలో చోడి అంబలి. ఆరో రోజు రెండింట్లో ఒకటే ఎంచుకోండి. దేవమాలి అంటే 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. పైదాకా రోడ్డు ఉంది, నిటారు మలుపులు. బండి సెమిలిగుడలో పెట్టి తెల్లవారుజామున జీపులో. లేదా జయపురం, 22 కిలోమీటర్ల దిగుడు: కోట చుట్టూ పెరిగిన పాత ఊరు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన విక్రమదేవ వర్మగారి రాజధాని. నాన్నగారికి జయపురం, పాపకి దేవమాలి నచ్చుతుంది, మీరే పంచాయితీ చేసుకోండి.

ఏడో రోజు తిరుగు ప్రయాణం పొట్టంగి, సుంకి, సాలూరు మీదుగా. ఈ వారం మొత్తంలో అన్నిటికంటే పొడవైన దిగుడు ఇదే, ఏడెనిమిది వందల మీటర్లు ఒక్కసారిగా. కోరాపుట్ ఏడింటికి వదిలి, ఘాట్ మొదలయ్యేముందు ఆగి, నలుగురూ దిగి, టైర్లు, బ్రేక్ ఆయిల్ మట్టం చూసి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి అప్పుడు దిగండి; ఇంకో క్వింటాలు తగ్గుతుంది. సగంలో ఒకసారి ఆపి చక్రం మధ్య భాగానికి దగ్గరగా, తాకకుండా, అరచేయి పెట్టి చూడండి. ఒక చక్రం దగ్గరే సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేస్తోందని అర్థం. సాలూరు లారీల ఊరు, మెకానిక్కులకి కొదవ లేదు. అక్కడి నుంచి బరంపురం అదే రోజు చేరాలని పట్టుబట్టకండి, 250 కిలోమీటర్లకి పైనే ఉంది. శ్రీకాకుళంలో రాత్రి ఆగి మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరండి. అంటే ఎనిమిది రోజులు. సెలవు ఇంకో రోజు దొరక్కపోతే జీరంగో తీసేయండి, పర్లాకిమిడి రాత్రి మాత్రం తగ్గించకండి.

కాటా చీటీలో వచ్చిన మూడు అంకెలు, ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్, ట్యాంకు, బ్యాటరీ ఏ పక్కన ఉన్నాయో ఇక్కడ రాయండి. ఏది ఎటు జరపాలో చూసి చెబుతాను.